వాన పడితే మోగే మూత

జూన్ 6

ఆ గుట్ట నీదే. నువ్వు వలిచి పారేసిన తొక్కలు, తినలేక వదిలేసిన తిండి, ఒక్కసారి వాడి విసిరేసిన సంచులు, అన్నీ ఒకే మూటగా కట్టి ఏళ్ళ తరబడి అక్కడ పోశావు. ఇప్పుడు దానిమీద పచ్చగడ్డి కప్పి, బెంచీలు వేసి, పార్కు అని పేరు పెట్టి, అది ఊపిరి వదిలే గొట్టాలకు మూతలు బిగించావు. చేసిందంతా చేసి, ఉదయాన్నే దానిమీద ఆరోగ్యం కోసం నడుస్తున్నావు.

తమ్ముడూ, ఉత్తరం ఇలా మొదలుపెడతారా అని అడుగుతావని తెలుసు. బాగున్నావా, తింటున్నావా అని అడగను. మరదలు పోయి ఏడాది కూడా కాలేదు, బాగుండవు, సరిగ్గా తినవు. తెలిసిన జవాబుకి ప్రశ్న ఎందుకు? ఫోన్ చేస్తే మూడో మాటకే కొట్టుకుంటున్నామని ఉత్తరాలే రాసుకుందామనుకున్నాం కదా. ఉత్తరంలో నువ్వు నన్ను మధ్యలో ఆపలేవు, అదీ నాకు లాభం. పైగా కాలు విరిగి కట్టులో ఉంది. మెట్లు దిగలేని మనిషికి నోరు ఇంకా పెరుగుతుంది.

మీ ఊరి పార్కు ఫోటో పేపర్లో చూశాను. రిబ్బను పట్టుకుని మీ ఛైర్మన్, పక్కనే పళ్ళ డాక్టర్, వెనకాల నువ్వు. మున్సిపాలిటీ ఇంజనీరుగారు, మెడ వంచుకుని. ఫోటోలో ఆ గొట్టాల చివర్లకి బూడిదరంగు మూతలు కనిపించాయి. భూతద్దం పెట్టి చూశాను.

కుళ్ళేది కుళ్ళుతూనే ఉంటుంది. గాలి తగలకుండా కుళ్ళితే మీథేన్ పుడుతుంది. ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎనభై రెట్లు ఎక్కువగా భూమిని ఉడికిస్తుంది. ఇది నాకు నేర్పింది నువ్వే. మా పత్రికలో నేను ప్రభుత్వాల్నీ పెద్ద కంపెనీల్నీ ఏళ్ళుగా తిడుతున్నాను, తిట్టాలి కూడా. కానీ ఊరి చెత్తగుట్టకి ఏ మహాసభ తీర్మానమూ అక్కర్లేదు. ఒక మున్సిపాలిటీ, నాలుగు వీధుల జనం, బుద్ధున్న ఒక ఇంజనీరు చాలు. మీ దగ్గర మూడూ ఉన్నాయి. ఆగస్టులో కౌన్సిల్ సమావేశం ఉందట. ఆ మూతలు తీయించమని నోట్ పెడతావా, పెట్టవా? అది చెప్పు ముందు.

అక్క

జూన్ 15

అగ్గిపుల్ల అక్కకి,

నీ కవరు తెరిచే ముందు చేతులు తడుపుకోవాల్సింది. కాలు ఎలా ఉంది? నువ్వు అడగకపోయినా నేను అడుగుతాను, మన ఇద్దరిలో ఒకరికైనా మర్యాద ఉండాలి కదా.

గుట్ట మూసేసినప్పుడు గొట్టాలు దింపించింది నేనే. ఆ గ్యాస్‌ని ఒక ఇంజన్‌లో మండించి, వచ్చే కరెంటుతో నీళ్ళ పంపులు నడపాలని ప్లాను. ఇంజన్ రాలేదు. ఇంజన్ కోసం కట్టిన షెడ్డులో ఇప్పుడు పార్కు గడ్డి కోసే మిషన్ ఉంటోంది. తర్వాత వాకర్స్ సంఘం వాళ్ళు వచ్చారు. వాసన భరించలేకపోతున్నాం, నడకకి వస్తే తల తిరుగుతోంది అన్నారు. పళ్ళ డాక్టరే అధ్యక్షుడు. ఊళ్ళో సగం మంది నోళ్ళ వాసన భరించే మనిషి ఇదొక్కటి భరించలేకపోయాడు. మూతలు పెడితే గ్యాస్ ఆగదండీ, కనపడని దారి వెతుక్కుంటుంది అని ఛైర్మన్‌కి చెప్పాను. కనపడకపోతే మంచిదేగా అన్నాడు. అభ్యంతరం రాసి ఇచ్చాను. రాసిన చేత్తోనే మూతలు బిగించాను. ఇంతకన్నా దాచిపెట్టింది ఏమీ లేదు.

ఇక నీ నాలుగు వీధుల జనం సంగతి. మా వీధిలో నీ మరదల్ని డ్రమ్మక్క అనేవాళ్ళు, గుర్తుందా? ఉదయం వెనక సందులో ఎరువు డ్రమ్ము మీది రేకు మూతని పుల్లతో రెండుసార్లు కొట్టేది. టుక్, టుక్. ఆ చప్పుడుకి ఇంటికొకరు తడిచెత్త గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళు. ఎవరి గిన్నెలోనైనా ప్లాస్టిక్ ముక్క కనిపిస్తే దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, ఇది ఏ చెట్టుకి కాసిందండీ అని అడిగేది. మా వీధి తడిచెత్త ఏళ్ళపాటు గుట్టకి పోలేదంటే ఆ రెండు దెబ్బల వల్లే.

ఆవిడ పోయాక వారం రోజులు అలవాటు కొద్దీ గిన్నెలతో వచ్చి నిలబడ్డారు. మూత కొట్టేవాళ్ళు లేరు. వెళ్ళిపోయారు. ఇప్పుడు అంతా ఒకే సంచి. బండి అబ్బాయిని కోప్పడితే, మీరు రెండు డబ్బాలిచ్చినా నా బండికి కడుపు ఒక్కటే సార్ అన్నాడు. వాడిదీ తప్పు కాదు. మా ఊరు నింపడం మానేసిన గుట్ట పక్కన ఇంకో గుట్ట మొదలైంది, అంతే.

డ్రమ్ముని సందులో వదలబుద్ధి కాక ఇంటి వెనక గదిలోకి తెచ్చాను. బట్టలు ఉతికే గది నీకు తెలుసుగా. నేల మధ్యలో నీళ్ళు పోయే జాలీ మీద సరిగ్గా పట్టింది. బొద్దింకల బెడద కూడా పోయింది.

అక్కా, ఒక మాట చెప్తాను, నవ్వకు. మొదటి వాన పడిన రోజు సాయంత్రం ముందుగదిలో కూర్చున్నాను. వెనక గదిలోంచి టుక్, టుక్. ఎలుక అనుకున్నాను. వెళ్ళి చూస్తే ఏమీ లేదు. మళ్ళీ వాన పడింది, మళ్ళీ కొట్టింది. నిన్న గుమ్మంలో నిలబడి చూశాను. మూత నా కళ్ళముందే వేలెడంత లేచి, పడింది. చుట్టూ ఎవరూ లేరు. గాలి కూడా లేదు.

నీ మరదలు వాన పడితే వస్తోంది. నాకు భయం వేయలేదు. నీకొక్కదానికే చెప్తున్నాను.

తమ్ముడు

జూన్ 24

తమ్ముడూ,

నోట్ పెడతావా లేదా అని అడిగాను. దయ్యం కథ చెప్పావు.

నీకు కోపం వస్తుంది, రానీ. నిన్ను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. అమ్మ కొట్టబోతే కడుపునొప్పి వచ్చేది నీకు. ఛైర్మన్‌ని ఎదిరించాల్సిన వేళకి చనిపోయిన భార్య వచ్చి మూత కొడుతోంది. బతికున్నప్పుడు ఆ మనిషి ఎవరికీ భయపడకుండా ఇంటింటికీ తిరిగింది. ఆమెని నీ పిరికితనానికి కాపలా పెట్టకు. నీ మీద కోపంతోనే అంటున్నాను, ఆమె మీద గౌరవంతోనూ అంటున్నాను.

ఇంకో సంగతి. ఈ వారం పత్రికలో మీ గుట్ట మీద రాశాను. పేర్లు లేవు, ఊరు లేదు. ‘ఊపిరి బిగించిన గుట్ట’ అని పెట్టాను. చివర్లో ఒక్క పేరా నీ ఉత్తరం లోంచి తీసుకున్నాను: గొట్టాలు మూసిన ఇంజనీరు ఇప్పుడు ఇంట్లో కూర్చుని డ్రమ్ములో దయ్యాల చప్పుడు వింటున్నాడు, మన పాలనకి ఇంతకన్నా మంచి బొమ్మ దొరకదు అని. ఎవరి గురించో ఎవరికీ తెలియదులే. పదిమందికీ బాగా తగిలిందని సంపాదకుడు అన్నాడు.

సెలవు పెట్టి పది రోజులు నా దగ్గరికి రా. నువ్వు వంట చేయి, నేను తిడతాను. ఇద్దరికీ కాలక్షేపం.

అక్క

జూలై 9

అక్కకి,

మీ పత్రిక మా ఆఫీసుకి కూడా వస్తుంది. ఆ సంగతి నీకు తెలియదు కాబోలు. ఊరు పేరు అక్కర్లేదు. గుట్ట, పార్కు, గొట్టాలు, ఇంజనీరు. ఆ ముక్క కత్తిరించి నోటీసు బోర్డుకి గుచ్చారు. నేను నడుస్తుంటే ఎవరో ఒకరు బల్ల మీద రెండుసార్లు కొడతారు. టుక్, టుక్. తల తిప్పితే అందరూ ఫైళ్ళలో మునిగి ఉంటారు. ఛైర్మన్ పిలిచి, ఒంట్లో బాగాలేకపోతే సెలవు తీసుకోవయ్యా, ఆగస్టు సమావేశానికి నువ్వు రాకపోయినా ఫరవాలేదు అన్నాడు. నీ వ్యాసం వల్ల మూతలు ఊడలేదు. నోట్ రాయాల్సిన మనిషి మాటకి విలువ మాత్రం ఊడింది.

నేను నీకు చెప్పింది వార్త కాదు. ఇంకెవరికీ చెప్పలేనిది చెప్పాను.

సెలవు తీసుకున్నాను. ఇంట్లోనే ఉంటున్నాను. నీ దగ్గరికి రాను. పక్కింటి టైలరమ్మ చెవిన కూడా పడినట్టుంది, గోడ అవతలి నుంచి జాలిగా చూస్తోంది. అందుకని వెనక గది కిటికీ మూసేశాను. తలుపు కింద సందులో పాత దుప్పటి కుక్కాను. ఆ చప్పుడు బయటికి పోకూడదు. అది నాది.

మంచం కూడా అక్కడికే మార్చుకున్నాను. చాలా కాలం తర్వాత నిద్ర పడుతోంది. పొద్దున్న లేస్తే తల మీద ఎవరో బండ పెట్టినట్టు ఉంటుంది కానీ, నిద్ర అయితే పడుతోంది. వెనక గోడ వెంట ఆవిడ నాటిన మొక్కలు ఇంత వానలోనూ మాడిపోయాయి. వేళ్ళతో సహా. ఆవిడ లేకుండా బతకమని వాటికి మాత్రం ఎవరు చెప్పారు?

నిన్న సాయంత్రం కరెంటు పోతే డ్రమ్ము పక్కన కొవ్వొత్తి వెలిగించాను. మంట నిటారుగా సాగింది. దాని నెత్తిన పల్చగా ఒక నీలం టోపీ. ఎప్పుడూ అలాంటి మంట చూడలేదు. నీ మరదలికి నీలం ఎంత ఇష్టమో నీకు తెలుసు. చూస్తూ కూర్చున్నాను. అది ఆరిపోయేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, ఇద్దరమూ.

ఇది కూడా అచ్చు వేయించుకో.

జూలై 12

తమ్ముడూ,

ఇది బస్సు డ్రైవర్ చేత పంపుతున్నాను. నీ చేతికే ఇచ్చి, నువ్వు చదివేదాకా కదలొద్దని చెప్పాను. పొద్దుటి నుంచి నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎత్తలేదు. టైలరమ్మకి చేశాను, ఆవిడ తలుపు కొడితే లోపలి నుంచి పనుందని కసిరావట.

ఆ గదిలో అగ్గిపుల్ల గీయకు. దీపం వేయకు. స్విచ్చి ముట్టుకోకు. తలుపు తీసి బయటికి రా, వచ్చాక మిగతాది చదువు.

వచ్చావా? విను. గొట్టాలు దింపించిన ఏడాది నువ్వు మా వంటింట్లో నీళ్ళు మరుగుతున్న గిన్నె మీద తడిగుడ్డ పరిచి చూపించావు. ఆవిరి పైకి రాలేక అంచుల నుంచి బుస్సుమని వచ్చి నా వేళ్ళు కాలాయి. నువ్వు నవ్వుతూ అన్నావు, గుట్ట కూడా ఇంతే అక్కా, పైన మట్టి తడిస్తే మూత పడినట్టే, గ్యాస్ పక్కలకి పాకుతుంది, పాత కాలువేదైనా దొరికితే అందులో దూరుతుంది అని. అప్పుడు నాకు గొట్టాలు ఉన్నాయని ధైర్యం చెప్పావు. ఇప్పుడు గొట్టాలకి మూతలు, మట్టికి వాన. మీ వీధి గుట్ట కింద ఉంది. మట్టిలో అంత దూరం పాకేసరికి కంపు మట్టికే అంటుకుపోతుంది, మీథేన్‌కి సొంత వాసన లేదు. మీ వెనక గది కాలువ ఎటు పోతుందో నీకన్నా ఎవరికి తెలుసు?

మరదలి డ్రమ్ముకి అడుగున చిల్లులున్నాయి, నువ్వే డ్రిల్లు పెట్టి వేశావు. ఆ చిల్లుల డ్రమ్ముని తెచ్చి కాలువ జాలీ మీద కూర్చోబెట్టావు. నీళ్ళలోంచి గుటకలు గుటకలుగా గ్యాస్ పైకి వస్తుంటే పైన రేకు మూత లేచి పడుతోంది. వాన పడితేనే ఎందుకు వస్తోందో నాకు నిన్న రాత్రి నీ ఉత్తరం మూడోసారి చదివితే తట్టింది. తలనొప్పి, మాడిన మొక్కలు, గాలిలో గ్యాస్ కలిస్తే మంటకి వచ్చే ఆ నీలం టోపీ. నేను మొదటిసారే చూడాల్సింది. నీ మాటల్లో నా వ్యాసానికి పనికొచ్చే ముక్క వెతికాను తప్ప, నువ్వేం చెబుతున్నావో వినలేదు. దానికి నన్ను తర్వాత తిట్టు. ముందు బయట ఉండు.

అక్క

జూలై 14

అక్కకి,

నీ డ్రైవర్ మంచివాడు. బస్సు నిండా జనాన్ని కూర్చోబెట్టి మా అరుగు మీద నిలబడ్డాడు.

మొత్తానికి ఆవిణ్ణి కూడా గ్యాస్ చేసేశావు. నీకు లోకంలో ప్రతిదానికీ ఒక కారణం, ఒక దోషి, ఒక వ్యాసం ఉండాలి. మనిషి పోతే ఆ ఖాళీలో ఏదైనా ఉండొచ్చని నీకు తోచదు. నా భార్య ఏమిటో నీ వంటింటి గిన్నె చెబుతుందా?

కొవ్వొత్తి వెలిగించనులే. కిటికీ తీశాను. కానీ నువ్వు తప్పని నిరూపిస్తాను. గ్యాస్ కొలిచే మీటర్ ఆఫీసులో నా బల్ల సొరుగులోనే ఉంది. రేపు తెస్తాను. వాన పడేదాకా ఆగుతాను. అది సున్నా చూపిస్తే నాకు కాదు, ఆవిడకి క్షమాపణ రాయాలి నువ్వు. అదే పత్రికలో, అంతే పెద్ద అక్షరాలతో.

జూలై 19

అక్కా,

క్షమాపణ రాయక్కర్లేదు.

మూడు రోజులు వాన లేదు. మూడు రోజులూ కిటికీ తీసే ఉంచాను, డ్రమ్ము నిశ్శబ్దంగా ఉంది. నాలుగో రోజు మధ్యాహ్నం పట్టుకుంది. గుమ్మం బయట నిలబడ్డాను. టుక్, టుక్ అని ఆవిడ పిలిచింది. ఒక్క అడుగు లోపలికి వేసి, చెయ్యి చాచి మీటర్‌ని డ్రమ్ము మూత దగ్గర పెట్టాను. సున్నా మీద ఒక్క క్షణం నిలిచింది. ఆ క్షణం నేను ఎంత సంతోషంగా ఉన్నానో నీకు చెప్పలేను. తర్వాత అది అరవడం మొదలుపెట్టింది.

టైలరమ్మ గోడ దూకినంత పని చేసి వచ్చింది. నేను మీటర్ ఆపలేదట, అలాగే పట్టుకుని నిలబడ్డానట. ఆవిడే నా చేతిలోంచి తీసుకుంది.

మొదటిసారి నీ మరదలు ఆసుపత్రిలో పోయింది, నా చేతిలో ఆవిడ చెయ్యి ఉంది. రెండోసారి మా వెనక గదిలో పోయింది, నా చేతిలో మీటర్ ఉంది. రెండోదే ఎక్కువ కష్టంగా ఉంది. నువ్వు అడగకపోయినా చెప్తున్నాను, ఆ మీటర్ ఈ వానాకాలమంతా నా సొరుగులోనే ఉంది. ఒక్కరోజు కూడా ఇంటికి తేలేదు. ఎందుకు తేలేదో నన్ను అడగకు.

నన్ను కదిలించింది ఆ తర్వాతి సంగతి. టైలరమ్మ మీటర్ నా చేతికిచ్చి, మా ఇంట్లో కూడా పెట్టు బాబూ అంది. వాళ్ళ వెనక గదిలో కుట్టు మిషన్ కింద చిన్న పరుపు మీద ఆవిడ మనవరాలు పడుకుని ఉంది. ఇంకా పాకడం కూడా రాలేదు. మీటర్ నేలకి దించాను. అక్కడా అరిచింది, ఇంత గట్టిగా కాదు. పసిదానికి వాళ్ళింట్లో ఎవరూ మూత కొట్టి చెప్పలేదు. మా వరస ఇళ్ళన్నీ తిరిగాను. కొన్నింట్లో అరిచింది, కొన్నింట్లో ఊరుకుంది. వెనక గదుల్లో ఎవరూ పడుకోవద్దని, కిటికీలు మూయొద్దని, అక్కడ పొయ్యి వెలిగించొద్దని చెప్పాను. ఎందుకని అడిగారు. మనం పారేసిందే వెనక్కి వస్తోంది అన్నాను.

టైలరమ్మ కొట్టులో కూర్చుని రాస్తున్నాను. ఇంటికి వెళ్ళబుద్ధి కావడం లేదు. ఛైర్మన్‌కి ఫోన్ చేశాను. ఆగస్టు సమావేశంలో చూద్దాం, అప్పటిదాకా జనాన్ని భయపెట్టకు, ముందే నీకు దయ్యాల పేరుంది అన్నాడు.

తమ్ముడు

జూలై 27

తమ్ముడూ,

గెలిచిన వాదన ఇంత చేదుగా ఉంటుందని నాకు ఇంతవరకు తెలియదు.

కట్టు ఇంకా విప్పలేదు. ఈ మంచం మీద కూర్చుంటే వంటింట్లో మూలనున్న చెత్తబుట్ట కనబడుతుంది. అందులో నిన్నటి తొక్కలు, మందుల డబ్బాలు, నీ కవర్లు చించిన ముక్కలు, అన్నీ కలిసే ఉన్నాయి. ఊళ్ళని కడిగి పారేసే మనిషిని, నా బుట్ట ఎప్పుడూ విడదీయలేదు. పనమ్మాయి మూట కట్టి కిందికి తీసుకెళుతుంది, అక్కడితో నాకు సంబంధం తెగిపోతుంది. ఇది ఏ గుట్టకి పోతుందో కూడా నాకు తెలియదు. ఆ గుట్ట కింద ఎవరి వెనక గది ఉందో, అక్కడ ఎవరి మూత లేచి పడుతోందో. వాన మొదలైతే నాకిప్పుడు ఇంట్లో ఆ చప్పుడు వినిపిస్తోంది తమ్ముడూ. మూడో అంతస్తులో, కింద గుట్ట లేదు, కాలువ లేదు. అయినా వినిపిస్తోంది.

ఇక పోట్లాడతాను, లేకపోతే నువ్వు కంగారుపడతావు. ఆగస్టు దాకా ఆగకు. మూతలు తీసేయి. దొంగతనంగా కాదు, వాకర్లు నడిచే వేళకే, అందరూ చూస్తుండగా. వాసన రానీ. వాళ్ళదే ఆ వాసన. కానీ తీసేసి చేతులు దులుపుకుంటే సగం పనే. ఇన్నాళ్ళూ మీ వీధి పీల్చింది, రేపటి నుంచి ఆకాశం పీలుస్తుంది. ఆకాశానికి టైలరమ్మ లేదు, గోడ దూకి రావడానికి. ఆ ఇంజన్ రావాలి. అసలు తడిచెత్త గుట్టకి పోకుండా ఆగాలి. ఈ మూడూ కలిపి అడగాలి. ఒకటి ఇచ్చి రెండు ఎగ్గొట్టే విద్యలో మీ ఛైర్మన్ ఆరితేరినవాడు.

ఈసారి నీ ఉత్తరంలోంచి ఒక్క అక్షరం వాడను. నువ్వు ఇస్తే తప్ప.

అక్క

ఆగస్టు 21

అక్కకి,

తీశాను. ఆదివారం పొద్దున్న, స్పానర్ పట్టుకుని గుట్ట ఎక్కాను. అందరూ నడుస్తున్నారు. మొదటి మూత వదులు కాగానే లోపలి నుంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. చుట్టూ నడుస్తున్నవాళ్ళు ఆగిపోయారు. పళ్ళ డాక్టర్ ముక్కుకి రుమాలు పెట్టుకుని, ఎవరి ఆర్డరయ్యా ఇది అని అడిగాడు. మీ చెత్త ఆర్డరండీ అన్నాను. పక్కనున్న ఒకాయన నవ్వాడు. ఆ నవ్వు లేకపోతే రెండో మూత తీసేవాణ్ణి కాదేమో. మళ్ళీ ఎవరూ బిగించకుండా మూతలన్నీ ఒక సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. మర్నాడే నన్ను సస్పెండ్ చేశారు. కాగితం మీద కారణం ‘ఆస్తి నష్టం’.

ఆ వారంలోనే వాన పడింది. వెనక గది గుమ్మంలో చాలాసేపు కూర్చున్నాను. మూత కదల్లేదు. మీటర్ సున్నా చూపిస్తూ పక్కన కూర్చుంది. ఏ సున్నా కోసం నీతో పందెం కట్టానో ఆ సున్నాయే. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నేను మరిచిపోయాను.

సమావేశానికి ఉద్యోగిగా రానివ్వరు కదా, వీధి మనిషిగా వెళ్ళాను. టైలరమ్మ మనవరాల్ని చంకనేసుకుని వచ్చింది. వాసన గురించి పళ్ళ డాక్టర్ చాలాసేపు మాట్లాడాడు. ఛైర్మన్ తల ఊపుతూ విన్నాడు. టైలరమ్మకి మైకు ఇవ్వలేదు, ఆవిడకి అక్కర్లేదు కూడా. పిల్లని ఆయన బల్ల మీద కూర్చోబెట్టింది.

“గుట్ట ఊపిరి వదిలితే మీకు వాసన. అదే ఊపిరి ఇది పీలిస్తే ఎవరికీ ఏ వాసనా రాలేదు. దీన్నెక్కడ పడుకోబెట్టమంటారు?”

పిల్ల ఛైర్మన్ పెన్ను అందుకుని నోట్లో పెట్టుకుంది. ఆయన లాక్కోబోయి ఆగాడు. నిర్ణయం వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. అప్పటిదాకా గొట్టాలు ముట్టుకోబోమని మాత్రం రాయించుకున్నాం. అది కూడా పిల్ల పెన్ను వదిలాకే.

ఇంకొకటి. మొన్న పొద్దున్న ఇంకా లేవలేదు. టుక్, టుక్. వాన లేదు, ఎండ వస్తోంది. పరుగెత్తి వెనక గదిలోకి వెళితే డ్రమ్ము లేదు. సందులోకి వచ్చాను. టైలరమ్మ డ్రమ్ముని పాత చోటుకే ఈడ్చుకెళ్ళి, కుట్టుకొట్టు గజంబద్దతో మూత మీద కొడుతోంది. ఇద్దరు ముగ్గురు గిన్నెలతో వచ్చారు. ఒకాయన గిన్నెలోంచి ఆవిడ ప్లాస్టిక్ సంచి పైకెత్తి, ఏమండీ ఇంజనీరుగారూ, దీన్ని చూసి డ్రమ్మక్క ఏమనేది అని నన్ను అడిగింది. చెప్పాను. అందరూ నవ్వారు. నేను ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుని, తర్వాత నా గిన్నె పట్టుకుని బయటికి వచ్చాను.

వచ్చే సమావేశానికి మా వీధి ఇస్తున్న కాగితంలో ఉన్నది కింద రాస్తున్నాను. ఇది నీకిస్తున్నాను, అచ్చు వేయించు. ఒక్క విశేషణం కూడా కలపకు. కొన్ని కౌన్సిల్‌కి, కొన్ని మాకు, ఒకటి నీకు. ఎవరిది ఏదో వాళ్ళకే తెలుస్తుంది.

గుట్ట మీద గొట్టాలు ఇక ఎప్పుడూ మూయకూడదు.

ఆ గ్యాస్ ఆకాశంలోకి పోకూడదు. షెడ్డులోంచి గడ్డి మిషన్ తీసి ఇంజన్ పెట్టాలి. వచ్చిన కరెంటుతో ఊరి పంపులు నడపాలి.

ఇంజన్ వచ్చేదాకా కనీసం గొట్టాల చివర గ్యాస్‌ని జాగ్రత్తగా మండించాలి.

గుట్ట పక్కనున్న ప్రతి ఇంట్లో వానాకాలమంతా మీటర్ పెట్టి కొలవాలి. అంకెలు వీధి గోడ మీద రాయాలి.

చెత్త బండికి రెండు కడుపులు ఉండాలి.

తడిచెత్త ఏ గుట్టకీ పోకూడదు. ప్రతి వీధికి ఎరువు డ్రమ్ము ఇవ్వాలి.

గిన్నెలో ప్లాస్టిక్ వేసినవాళ్ళు అది ఏ చెట్టుకి కాసిందో అందరిముందూ చెప్పాలి.

మా అక్క తన బుట్ట విడదీయాలి.

ప్రతి ఉదయం, వాన పడినా పడకపోయినా, డ్రమ్ము మూత రెండుసార్లు మోగాలి. మనిషి చేత్తోనే మోగాలి.